అద్దె ఇంట్లో ఉంటే మున్సిపాలిటీని అడిగే హక్కు ఉండదా?

కిటికీ_పక్క_సీటు
మా వీధిలో మురుగుకాలువ పూడిపోయింది. వాన పడితే చాలు నీళ్ళు వెనక్కి తన్ని మెట్ల దాకా వస్తున్నాయి. కింది వాటాలో ఉండే పెద్దావిడ మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటోంది. అర్జీ రాసుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో ఆయన అడిగిన మొదటి మాట "ఇంటిపన్ను రసీదు ఎవరి పేరు మీద ఉంది?" అని. ఓనర్ పేరు మీద ఉందండీ, నేను అద్దెకుంటున్నాను అంటే "అయితే ఓనర్నే రమ్మనండి, పన్ను కట్టేవాళ్ళ అర్జీలే తీసుకుంటాం" అన్నాడు. ఆధార్ తీసి చూసి "మీది వేరే జిల్లా కదా, ఇక్కడ ఓటు కూడా లేదు మీకు" అని ఇంకో మాట. ఓనరేమో వేరే ఊళ్ళో ఉంటాడు, ఫోన్ ఎత్తడు.

ఒళ్ళు మండిపోయింది. నేను ఈ దేశ పౌరుణ్ణే కదా, రసీదు లేకపోతే ప్రభుత్వం నాకేమీ చెయ్యక్కర్లేదా? బళ్ళో హక్కులు, విధులు అని బట్టీ పట్టాం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. తీరా అవసరం వచ్చేసరికి ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియట్లేదు. తెలిసినవాళ్ళు మొదటి నుంచి చెప్పండి, చదువుకుంటాను.

సూటిమాట
పన్ను రసీదు ఉంటేనే అర్జీ తీసుకుంటాం అని ఏ రూల్లో ఉందో ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఆ ఒక్క మాట చాలు, అర్జీ తీసేసుకుంటారు.

పన్ను_కట్టేవాణ్ణి
తిట్టుకున్నా పర్లేదు, ఆ ఉద్యోగి మాటలో నాకు కొంత న్యాయం కనిపిస్తోంది. మున్సిపాలిటీ నడిచేది ఇంటిపన్ను మీద. నాకు జీతం చేతికి రాకముందే టీడీఎస్ కోసేస్తారు, ఇంటిపన్ను వేరే, నీటి పన్ను వేరే. రూపాయి కట్టనివాళ్ళూ నేనూ ఒకే వరసలో నిలబడాలంటే కష్టంగానే ఉంటుంది. పన్ను కట్టేవాడి మాటకి ఎక్కువ విలువ ఇవ్వాలని అడగడం తప్పా?

ఓరుగల్లు_బిడ్డ
@పన్ను_కట్టేవాణ్ణి అన్నా, అద్దెలో ఇంటిపన్ను కలిసే ఉంటది. ఓనర్ తన జేబులోంచి కడతాడా? 2017 జులై నుంచి జీఎస్టీ ఉంది, సబ్బు కొన్నా ఫోన్ రీచార్జ్ చేసినా కడుతూనే ఉన్నాం. పెట్రోల్ మీద కేంద్రం ఎక్సైజ్, రాష్ట్రం వ్యాట్ అదనం. ఈ దేశంలో రూపాయి పన్ను కట్టని పెద్దమనిషి ఒక్కడుంటే చూపించు.

మాటకి_మాట
పుట్టిన పిల్లాడు కూడా పౌడర్ డబ్బా మీద కడుతున్నాడు.

పాత_సోషల్_టీచర్
నేను ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆస్తి ఉన్నవాడి మాటే చెల్లాలి అనే పద్ధతి మన దేశంలో నిజంగానే ఉండేది. బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టం కింద జరిగిన ఎన్నికల్లో ఆస్తి, పన్ను, చదువు, వీటిల్లో ఏదో ఒక అర్హత ఉన్నవాళ్ళకే ఓటు. కూలివాడికి, కౌలుదారుకి, ఆడవాళ్ళలో అత్యధికులకి లేదు. రాజ్యాంగం రాసేటప్పుడు దాన్ని తెలిసి, కావాలని తీసి అవతల పడేశారు. 326వ అధికరణం చదవండి, వయసు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు అని ఉంటుంది, రసీదు ఊసే ఉండదు. దేశంలో ఎక్కువమంది చదువురాని రోజుల్లో, 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి, 17 కోట్లకు పైగా ఓటర్లు. ఇంకో సంగతి ఎప్పుడు చెప్పినా నాకు మనసు అదోలా అవుతుంది. అప్పుడు జాబితా రాసేవాళ్ళు ఇంటికి వస్తే చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అన్నారు. సొంత పేరు లేకుండా ఓటు కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. దాదాపు 28 లక్షల మంది పేర్లు కొట్టెయ్యాల్సి వచ్చింది. కఠినంగానే అనిపిస్తుంది గానీ, భర్త ద్వారానో ఇంటి ద్వారానో కాకుండా మనిషి నేరుగా ప్రభుత్వానికి తెలియాలి అన్న పట్టుదల అందులో ఉంది. ఓనర్ని తీసుకురా అన్న ఆ కౌంటర్ ఆయన మనల్ని మళ్ళీ అక్కడికే తీసుకెళ్తున్నాడు.

ఇక "వేరే జిల్లా" మాట. మన దేశంలో ఒకటే పౌరసత్వం. జిల్లాకీ రాష్ట్రానికీ విడిగా లేదు. దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు అని 19వ అధికరణంలోనే ఉంది. లోకల్, నాన్ లోకల్ అని మనం వినేది 371డి అధికరణం కింద వచ్చిన సంగతి, 1970ల్లో తెచ్చారు. అది చదువుల్లో సీట్లకీ ఉద్యోగాలకీ మాత్రమే. మురుగుకాలువకి లోకల్, నాన్ లోకల్ ఉండదు.

కిటికీ_పక్క_సీటు
మాస్టారూ, ఇలా చెప్పి ఉంటే అప్పుడే బుర్రకెక్కేది. మరి ఆధార్ సంగతేంటి? అది చూపిస్తే పౌరుడినని రుజువైనట్టు కాదా?

గ్రూప్స్_ప్రిపరేషన్
కాదు. ఆధార్ చట్టం 2016, సెక్షన్ 9లో స్పష్టంగా ఉంది, ఆధార్ నంబరు పౌరసత్వానికి గానీ స్థిర నివాసానికి గానీ రుజువు కాదని. గత 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయుడికి కూడా ఇస్తారు. మీరెవరో చెబుతుంది, అంతే.

మాటకి_మాట
మరి రేషన్ కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్? ఇంట్లో బీరువా నిండా కార్డులే.

గ్రూప్స్_ప్రిపరేషన్
ఏదీ కాదు. పౌరసత్వం కార్డు వల్ల రాదు, చట్టం వల్ల వస్తుంది. 1955 పౌరసత్వ చట్టంలో దారులున్నాయి: పుట్టుక, వారసత్వం, నమోదు, కొంతకాలం నివసించి దరఖాస్తు చేసుకోవడం, కొత్త భూభాగం దేశంలో కలవడం. పుట్టుకలో తేదీలు ముఖ్యం, పరీక్షలో అడుగుతారు కూడా. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఇక్కడ పుడితే చాలు, తల్లిదండ్రులు ఎవరైనా సరే పౌరులే. 1987 జులై 1 నుంచి పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి అయితే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. విదేశీ దౌత్యవేత్తల పిల్లలకి మాత్రం ఇది వర్తించదు.

యానాం_కుర్రాడు
కొత్త భూభాగం కలవడం అంటే మేమే. మా తాతగారు పుట్టింది ఫ్రెంచి పాలనలో. యానాం 1954లో పాలనాపరంగా భారత్ చేతికొచ్చింది, చట్టప్రకారం విలీనం మాత్రం 1962 ఆగస్టు 16న. అప్పుడు కావాలనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. పుదుచ్చేరి వైపు అలా ఉంచుకున్న కుటుంబాలు ఉన్నాయి, ఫ్రాన్స్ ఎన్నికలకి ఇప్పటికీ ఇక్కడి నుంచే ఓటేస్తారు. మా తాతగారు ఇటే ఉన్నారు. మనిషి గడప దాటలేదు, దేశం మారింది. అందుకే పౌరసత్వం అంటే మట్టి, రక్తం అని ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకు మా తాతగారు గుర్తొస్తారు. అది ఒక చట్టం, ఒక ఒప్పందం. రాసుకున్నది కాబట్టే గట్టిగా అడగొచ్చు.

పన్ను_కట్టేవాణ్ణి
సరే, పన్ను రసీదు సంగతి వదిలేస్తున్నా. నా అసలు బాధ వేరే ఉంది. అందరూ హక్కులే మాట్లాడుతున్నారు. అదే కాలువలో ప్లాస్టిక్ కవర్లు పడేసేది ఎవరు? వీధిలోవాళ్ళే. ఓటుకి డబ్బు తీసుకునేదీ వీళ్ళే. విధులు చెయ్యనివాడికి హక్కులెందుకు?

నల్లకోటు
విధులు ఉన్నాయి, 51ఎ అధికరణంలో. 1976లో 42వ సవరణతో పది పెట్టారు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని చదివించే బాధ్యత 2002లో పదకొండోదిగా వచ్చింది. చిత్రమేమిటంటే ఓటెయ్యడం గానీ పన్ను కట్టడం గానీ ఆ జాబితాలో లేవు. పన్ను కట్టడాన్ని విధిగా చేర్చాలని, ఆ సవరణకి ముందు వేసిన స్వరణ్ సింగ్ కమిటీ సూచించింది, తీసుకోలేదు. పన్ను ఎగ్గొడితే పన్ను చట్టం చూసుకుంటుంది, ఓటుకి డబ్బు తీసుకుంటే అది లంచం కిందే లెక్క, శిక్ష ఉంది. చెత్త వేస్తే జరిమానా ఉంది. కానీ విధి తప్పాడని హక్కు తీసెయ్యడం మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. చెత్త వేసినవాడి ఇంట్లో పసిపిల్ల ఉంటే డెంగీ దోమ ఆ పిల్లని వదిలేస్తుందా?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని హక్కులు పౌరులకే: వాక్ స్వాతంత్ర్యం, ఎక్కడైనా స్థిరపడటం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం. కానీ చట్టం ముందు సమానత్వం, ప్రాణానికి రక్షణ, అంటే 14, 21 అధికరణాలు, మనుషులందరికీ. పౌరుడు కాకపోయినా సరే. మురుగునీళ్ళు ఇంట్లోకి రాకుండా చూడమని అడగడానికి అసలు పౌరసత్వం దాకా వెళ్ళక్కర్లేదు.

ఓరుగల్లు_బిడ్డ
@నల్లకోటు ఆ చివరి పేరా ప్రింట్ తీసి ప్రతి ఆఫీసు గోడకి అంటించాలన్నా.

మాజీ_వార్డు_మెంబర్
ఇక్కడందరూ ఆఫీసువాళ్ళని తిడుతున్నారు, నేను అవతలి వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి అక్కడ పని ఎలా నడుస్తుందో చెబుతాను. జనం ఎమ్మెల్యే దగ్గరకి వెళ్ళి వీధి దీపం అడుగుతారు, ఎంపీ దగ్గరకి వెళ్ళి రేషన్ కార్డు అడుగుతారు, నా దగ్గరకొచ్చి కొడుకుని కరెంటు డిపార్ట్‌మెంటులో పెట్టించమంటారు. ఎమ్మెల్యే ఎన్నికయ్యేది శాసనసభలో చట్టాలు చెయ్యడానికి, బడ్జెట్ మీద అడగడానికి. సిఫార్సు చెయ్యగలడు గానీ పారిశుద్ధ్య సిబ్బంది ఆయన కింద పనిచెయ్యరు. ఏ పని ఎవరిదో చెప్పడానికి రాజ్యాంగంలో ఏడో షెడ్యూలు ఉంటుంది. రైల్వే, రక్షణ, కరెన్సీ కేంద్రానివి. పోలీసు, ప్రజారోగ్యం, భూములు రాష్ట్రానివి. చదువు, అడవులు ఇద్దరివీ. 1993లో 73, 74 సవరణలు అమల్లోకొచ్చి పంచాయతీలకి 29, మున్సిపాలిటీలకి 18 అంశాలు అప్పగించవచ్చని రాశారు. అప్పగించవచ్చు అన్నారు, అప్పగించాలి అనలేదు. అక్కడే మా చేతులు కట్టేశారు. పని మా మీద, డబ్బు పైన. నిధులు వచ్చినా ఇంత తాగునీటికి, ఇంత పారిశుద్ధ్యానికి అని కొంత భాగానికి ముందే ముడేసి పంపుతారు. కరెంటు బిల్లులు, జీతాలు పోగా చేతిలో మిగిలేదెంత?

కాబట్టి @కిటికీ_పక్క_సీటు, ముందు మీ పని ఏ సెక్షన్‌దో తేల్చుకోండి. కాలువలో పూడిక తియ్యాలంటే శానిటరీ ఇన్‌స్పెక్టర్, దానికి టెండరూ అక్కర్లేదు ఏమీ అక్కర్లేదు, మనుషుల్ని పంపితే అయిపోతుంది. కాలువ గోడ కూలిపోయినా, వాలు సరిగా లేక నీళ్ళు వెనక్కి తన్నినా ఇంజినీరింగ్ సెక్షన్, దానికి ఎస్టిమేట్, కౌన్సిల్ ఆమోదం, టెండర్, చాలా కథ ఉంది. అర్జీలో ఉత్తినే "మురుగు సమస్య" అని రాస్తే రెండు సెక్షన్లూ ఒకదాని మీదకి ఒకటి తోసుకుంటాయి.

కిటికీ_పక్క_సీటు
ఇది నాకు అస్సలు తెలియదు. పూడికే అనుకుంటున్నాను, మూత తీస్తే మట్టి పైదాకా ఉంది.

నల్లకోటు
@మాజీ_వార్డు_మెంబర్ నిధుల కష్టం నిజమే, కాదనను. కానీ ఆ సాకు కోర్టులో నిలబడదని 1980లోనే తేలిపోయింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్ళో ఒక వార్డు జనం అచ్చం ఇలాంటి కష్టంతోనే మేజిస్ట్రేట్ దగ్గరకి వెళ్ళారు. కాలువల్లేవు, కంపు, దోమలు. కాలువలు కట్టమని మేజిస్ట్రేట్ ఆదేశిస్తే, మా దగ్గర డబ్బు లేదంటూ మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. మనిషి గౌరవంగా బతకడానికి కావాల్సిన కనీస పారిశుద్ధ్యాన్ని డబ్బు లేదని ఎగ్గొట్టడానికి వీల్లేదని తీర్పు. ఆ జనం వాడుకున్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 152వ సెక్షన్. మీరు ఆర్డీవో దగ్గర దీని కింద పిటిషన్ పెట్టుకోవచ్చు. అద్దెకున్నారా, సొంతిల్లా అని ఆ సెక్షన్ అడగదు.

అయితే అంతదాకా వెళ్ళకముందు సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. తెల్లకాగితం చాలు. మా వీధి కాలువలో చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎంత ఖర్చు రాశారు, ఈ వార్డుకి బాధ్యుడైన ఉద్యోగి హోదా ఏమిటి, ఈ మూడే అడగండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. ఫీజు 10 రూపాయలు. మన తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసుల్లో 5, పంచాయతీలో అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది.

సూటిమాట
తీశాం అని రికార్డుల్లో రాసి ఉండి, కాలువలో మట్టి పైదాకా ఉంటే మటుకు సరదాగా ఉంటుంది. ఫోటో తీసి తేదీ వేసి పెట్టుకోండి.

టెక్సాస్_తెలుగు
నేను అమెరికా పౌరసత్వానికి మారి, విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నాను. మా నాన్నగారి పొలం పాస్‌బుక్ విషయంలో నా పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చా? జీవితకాలం వీసా ఇచ్చారు కదా అని అడుగుతున్నా.

గ్రూప్స్_ప్రిపరేషన్
@టెక్సాస్_తెలుగు కుదరదండీ. 2005 చట్టం మూడో సెక్షన్‌లో "పౌరులందరికీ" అని ఉంది. ఓసీఐ అనేది పేరుకే పౌరసత్వంలా వినిపిస్తుంది. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది. ఓటు లేదు, పోటీ చెయ్యడానికి లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. దరఖాస్తు మీ నాన్నగారి పేరు మీదే పెట్టించండి.

టెక్సాస్_తెలుగు
అర్థమైంది. సంతకం పెట్టినరోజు ఇవేవీ తట్టవు. ఎన్నికల రాత్రి లెక్కింపు చూస్తున్నప్పుడు తెలుస్తుంది, మన ఊరి ఫలితం, మనం మాత్రం అందులో లేము అని. ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఇక్కడుంటున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మీకు ఓటు ఉంది, ఫారం 6ఎ తో ప్రవాస ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. అయితే ఊరొచ్చి పోలింగ్ బూత్‌లోనే వెయ్యాలి. అయినా సరే పేరు ఉంచుకోండి.

పన్ను_కట్టేవాణ్ణి
మంచి చర్చే. కానీ నా అభిప్రాయం నాది. ప్రభుత్వం చెయ్యాల్సిన పనుల జాబితా చిన్నదిగా ఉండాలి. పోలీసు, కోర్టు, రోడ్డు, కాలువ. ఈ నాలుగూ బాగా చేస్తే చాలు. అన్నీ నెత్తినేసుకుని ఏదీ సరిగా చెయ్యకపోవడం వల్లే మీ మెట్ల దాకా నీళ్ళు వస్తున్నాయి. ఎన్నికలప్పుడు పంచేదాంట్లో సగం పెట్టినా కాలువలన్నీ బాగుపడతాయి.

లంక_ఊరు
@పన్ను_కట్టేవాణ్ణి గారూ, మాది దివిసీమ. 1977 నవంబర్ 19 రాత్రి తుపాను వచ్చినప్పుడు మా అమ్మమ్మ తాటిచెట్టుకి చీరతో కట్టేసుకుని తెల్లారేదాకా ఉందట. చేతులు ఒరుసుకుపోయిన మచ్చలు నేను చూశాను, నాకు జడ వేసేటప్పుడు కనిపించేవి. ఆ తుపానులో పదివేల మందికి పైగా పోయారు. ఉప్పెన వస్తుందని ఊళ్ళవాళ్ళకి చెప్పి బయటకి తీసుకొచ్చే ఏర్పాటు సరిగా లేదు, తలదాచుకోడానికి గట్టి కట్టడం లేదు. అదే 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదకే వచ్చింది. ఊరంతా చిందరవందర అయిపోయింది, ఒక్క చెట్టు మిగల్లేదు, కానీ మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లో ఆగింది. మధ్యలో ఏం మారింది? రాడార్లు, ఉపగ్రహాలు, హెచ్చరిక కేంద్రాలు వచ్చాయి. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు. ముందురోజే ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇవి మీ నాలుగు పనుల్లో ఎక్కడున్నాయి? ఏ కంపెనీ వచ్చి మా లంకల్లో షెల్టర్ కడుతుంది?

జాబితా చిన్నదా పెద్దదా అని కాదు నేను చూసేది. ఒక్కడిగా ఎంత డబ్బున్నా చేసుకోలేని పనులు కొన్ని ఉంటాయి. పోలియో చుక్కలు అలాంటివే, 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు, 2014లో పోలియో పోయిందని ప్రకటించారు. నా బిడ్డకి ఒక్కదానికే వేయించుకుంటే అది అయ్యేదా?

పన్ను_కట్టేవాణ్ణి
@లంక_ఊరు తుపాను షెల్టర్లు నేను వద్దనను అమ్మా. అవి ప్రాణాలు కాపాడే పనులు, ఖర్చు ఎంతైనా పెట్టాలి. నేనంటున్నది ఓట్ల ముందు పంచే వాటి గురించి.

పాత_సోషల్_టీచర్
అక్కడ కూడా గీత గియ్యడం మీరనుకున్నంత తేలిక కాదు నాయనా. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం మొదలైనప్పుడు దాన్నీ ఓట్ల పథకమే అన్నారు. ఇవాళ ఆహార భద్రత 2013 నుంచి కేంద్ర చట్టం. బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం అంతే. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత విద్య రాజ్యాంగంలో మొదట ఆదేశిక సూత్రాల్లో ఉండేది, అంటే కోర్టుకెళ్ళి అడగలేం, ప్రభుత్వం మనసులో పెట్టుకోవాలంతే. 2002లో ప్రాథమిక హక్కు చేశారు, 2010 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా పిల్లాణ్ణి బడి మానిపిస్తే ఇంటికెళ్ళి బతిమాలేవాణ్ణి. చట్టం వచ్చాక బడి లేదని ఊరే ప్రభుత్వాన్ని అడగడం నా కళ్ళతో చూశాను. ఒక తరంలో దయ అనిపించినది ఇంకో తరంలో హక్కు అవుతోంది. అయితే ఆ మార్పు అడిగేవాళ్ళ వల్లే వస్తుంది, ఇచ్చేవాళ్ళ వల్ల కాదు.

మాజీ_వార్డు_మెంబర్
మాస్టారి మాటకి ఒకటి కలుపుతా. అడిగే చోటు కూడా ఉంది, ఎవరూ రారు. పల్లెల్లో గ్రామసభ అంటే ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే, సర్పంచ్ ఒక్కడి సభ కాదు. మా ఊళ్ళో సభకి వచ్చేది కార్యదర్శి, నలుగురు మెంబర్లు, పక్కింటి ముసలాయన. తీర్మానం అయిపోయాక మాత్రం అరుగు మీద పెద్ద సభ జరుగుతుంది. పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అనేది ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఊరి పేరు కొడితే కనిపిస్తుంది, ఫోన్లో చూసుకోవచ్చు. నన్ను పదవిలో ఉండగా ఆ లెక్క పట్టుకుని అడిగినవాడు ఒకే ఒక్కడు, ఇంటర్ చదివే కుర్రాడు. వాడడిగిన తర్వాతే బోరు మోటారు బిల్లులు మేమూ జాగ్రత్తగా చూడ్డం మొదలుపెట్టాం.

కిటికీ_పక్క_సీటు
పూడిక అని స్పష్టంగా రాసి అర్జీ మళ్ళీ ఇస్తాను, ఈసారి స్పీడ్ పోస్టులో పంపి రసీదు పెట్టుకుంటాను. దానితోపాటు సమాచార హక్కు దరఖాస్తు. ఇంకొక్క సందేహం, ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చా? సొంతిల్లు లేకపోతే ఇవ్వరంటున్నారు మా వీధిలో.

గ్రూప్స్_ప్రిపరేషన్
సొంతిల్లు అక్కర్లేదు, ఇంకా తిరగేసి చెప్పాలంటే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఒక చోట ఇల్లు ఉన్నంతమాత్రాన అక్కడి ఓటరు కాలేరు. మామూలుగా ఎక్కడ నివసిస్తారో అదే లెక్క. అంటే వేరే ఊళ్ళో ఉండే మీ ఓనర్ కంటే ఆ వీధి ఓటు మీకే ఎక్కువ చెందుతుంది. ఫారం 8 నింపండి, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం గానీ ఆ అడ్రసుతో కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు గానీ జతచెయ్యండి. అసలు ఇల్లే లేనివాళ్ళకి కూడా ఓటు ఇస్తారు. బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి ఆ మనిషి తాను చెప్పిన చోటే పడుకుంటున్నాడా లేదా చూసి రాసుకోవాలని నిబంధన. ఫుట్‌పాత్‌కి కూడా ఓటరు ఉంటాడు.

లంక_ఊరు
ఆ రాత్రిపూట వచ్చి చూడటం అనేది నిజంగా గొప్ప రూలు.

ఓరుగల్లు_బిడ్డ
పైన పుట్టుక తేదీల ముచ్చట చదివినప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. మా అక్కకి పోయిన నెల పాప పుట్టింది, ఇంటి దగ్గరే కాన్పు అయింది, పేరు ఇంకా అనుకోలేదని నమోదు చేయించలేదు. బారసాల అయ్యాక చూద్దాం అంటున్నారు ఇంట్లో.

గ్రూప్స్_ప్రిపరేషన్
@ఓరుగల్లు_బిడ్డ పేరు కోసం ఆగొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, ఏడాదిలోగా పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత కూడా కొంత రుసుముతో కుదురుతుంది. 21 రోజుల్లోగా అయితే నమోదుకి ఫీజు లేదు, అది దాటి ఉంటే ఆలస్య రుసుము కట్టి ఇప్పుడే చేయించండి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, ఆ తిప్పట వేరు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ, స్థలం రుజువుగా జనన ధృవీకరణ పత్రమే చూస్తారు, బడికైనా పాస్‌పోర్టుకైనా. తల్లిదండ్రుల పేర్లు స్పెల్లింగుతో సహా వాళ్ళ కార్డుల్లో ఉన్నట్టే రాయించండి.

ఓరుగల్లు_బిడ్డ
సరే అన్నా, రేపే బావని పంచాయతీ కార్యదర్శి దగ్గరకి పంపిస్తా.

మాజీ_వార్డు_మెంబర్
కాన్పు చూసిన ఆశా వర్కర్నో ఏఎన్ఎంనో వెంట తీసుకెళ్ళమనండి. ఇంటి దగ్గర పుట్టిన పిల్లలకి అలాంటి సాక్ష్యం అడుగుతుంటారు.